కంట్లోంచి తీసిన ఆ చుక్కను పారబోయనివ్వకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల గౌరవ ఆరోగ్య శాఖ మంత్రులకు,

నేను కంటి ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే పాథాలజిస్టును. రోగులు మాకు ఎదురుపడరు. ఆపరేషన్ థియేటర్ నుంచి ఒక చిన్న సీసా, దానితోపాటు ఒక ఫారం వస్తాయి. వాటిని బట్టి ఆ మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పడం మా పని. ఈ లేఖ ఆ సీసాల గురించి. ముఖ్యంగా, ల్యాబ్ దాకా రాకుండానే చెత్తలో కలిసిపోతున్న వాటి గురించి.

కంటి వెనుక భాగమంతా విట్రియస్ అనే జిగురు పదార్థంతో నిండి ఉంటుంది. పరిమాణం సుమారు 4 మిల్లీలీటర్లు. అందులో 98 శాతం దాకా నీరే. ఆరోగ్యంగా ఉన్న కంట్లో అది ఎంత తేటగా ఉంటుందంటే, అదొకటి అక్కడ ఉందని కూడా మనకు తెలియదు. అందులోకి రక్తం దిగినా, రెటీనా ఊడినా, మరేదైనా పేరుకుని మసకబారినా డాక్టర్లు విట్రెక్టమీ చేస్తారు. 1970ల తొలినాళ్లలో మయామీలో రాబర్ట్ మాకెమర్ దారి వేసిన ఆపరేషన్ ఇది. ఇవాళ హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో రోజూ జరుగుతోంది. సుమారు అర మిల్లీమీటరు మందం ఉన్న పరికరాన్ని కంటి తెల్లగుడ్డు గుండా లోపలికి పంపి, జిగురును కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ పీల్చేస్తారు. పీల్చింది ట్యూబు గుండా మెషీన్‌కు తగిలించిన క్యాసెట్‌లోకి చేరుతుంది. ఆపరేషన్ ముగిశాక క్యాసెట్ చెత్త సంచిలోకి వెళుతుంది.

చాలామంది రోగుల విషయంలో ఇందులో తప్పేమీ లేదు. సుగరు ముదిరి కంట్లో రక్తం కారింది, లేదా రెటీనా ఊడింది. కారణం ముందే తెలుసు. అలాంటి ప్రతి క్యాసెట్‌నూ పరీక్షకు పంపమని నేను అడగడం లేదు. నా బాధంతా వేరే రోగుల గురించి. వాళ్లకు సుగరు లేదు, దెబ్బ తగల్లేదు, రెటీనా బాగానే ఉంది. అయినా కంట్లో తెల్లగా, పీచుపీచుగా ఏదో అల్లుకుపోయింది. ఎందుకో ఎవరికీ తెలియదు. సర్జన్ దాన్ని శుభ్రంగా తీసేస్తారు. చూపు వస్తుంది. రోగి దండం పెట్టి ఇంటికి పోతాడు. ఆ పీచు ఏమిటన్న ప్రశ్న మాత్రం క్యాసెట్‌తోపాటే పోతుంది.

కొందరిలో ఆ పీచు పేరు అమైలాయిడ్. అది కంటి జబ్బు కాదు. ఒళ్లంతా ఉన్న జబ్బు కంట్లో కనబడిందంతే.

మన రక్తంలో ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. థైరాయిడ్ హార్మోన్‌నూ, విటమిన్ ఏనూ మోసుకుపోవడం దాని పని. చాలావరకు లివర్‌లో తయారవుతుంది. నాలుగు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటేనే అది సరిగా పనిచేస్తుంది. దాని జన్యువులో మార్పు ఉన్నవాళ్లలో ఈ అతుకు బలహీనపడి ముక్కలు విడిపోతాయి. విడిపోయినవి వంకరపోయి, అమైలాయిడ్ పోగులుగా పేనుకుని నరాల్లో, గుండె కండరంలో, పేగుల్లో, కంట్లో పేరుకుపోతాయి. ఒకసారి పేరుకుంటే శరీరం వాటిని కరిగించుకోవడం చాలా కష్టం. తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గర ఆ మార్పు ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఇప్పటిదాకా ఇలాంటి మార్పులు 120కి పైగా బయటపడ్డాయి. వాటిలో కొన్ని నరాల మీద, కొన్ని గుండె మీద ఎక్కువ దెబ్బ తీస్తాయి. ఇంకొన్నిటిలో మొట్టమొదట బయటపడేది కంటి చూపు మసకబారడమే. మన దేశంలోని కంటి డాక్టర్లు కూడా ఇలాంటి రోగుల గురించి మెడికల్ జర్నళ్లలో రాశారు. కాబట్టి ఇది పరాయి దేశాల జబ్బు, మనకెందుకులే అనుకోవడానికి వీల్లేదు.

ఈ జబ్బున్న మనిషి మన దగ్గర ఏ దారిన తిరుగుతాడో చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. జర్నళ్లలో వచ్చిన కేసుల్నీ, ఫారాల మీద నేను చదివిన వివరాల్నీ కలిపి చూస్తే కనబడే దారి.

నలభై దాటిన మనిషి అనుకోండి. ముందు అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియదు. సుగరు పరీక్ష చేయిస్తారు, అందులో ఏమీ ఉండదు. బి కాంప్లెక్స్ మాత్రలు రాస్తారు. కొన్నాళ్లకు కడుపు మొరాయిస్తుంది. వారం మలబద్ధకం, వారం విరేచనాలు. గ్యాస్ అంటారు, ఎండోస్కోపీ చేస్తారు. ఒళ్లు తగ్గిపోతుంటే టీబీ ఏమోనని కఫం పరీక్ష. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతాయి. మగవాళ్లయితే దాంపత్యంలో వచ్చిన మార్పును భార్యతో తప్ప ఎవరితోనూ అనరు, డాక్టరుతో అసలే అనరు. రెండు మణికట్ల దగ్గరా నరం నొక్కుకుపోయి వేళ్లు మొద్దుబారితే కార్పల్ టన్నెల్ ఆపరేషన్ చేస్తారు. ఎకో తీస్తే గుండె గోడలు మందంగా ఉన్నాయంటారు, బీపీ వల్ల అయ్యుంటుందని మాత్రలు ఇస్తారు. ఆ మాత్రలతో మనిషి నిలబడగానే కింద పడిపోతాడు.

అన్ని రిపోర్టులూ ఒకే ప్లాస్టిక్ సంచిలో ఉంటాయి. ఒక్కో డాక్టరూ తన ముందుకొచ్చిన బాధకు తన శాయశక్తులా వైద్యం చేసినవారే. వాళ్లలో ఎవరినీ నేను తప్పుపట్టను. నరాల డాక్టరు దగ్గరున్న కాగితం గుండె డాక్టరు దగ్గరికి పోదు, అంతే. ఇలా ఏళ్లు గడిచాక కళ్లు మసకబారతాయి. పాత వాపు అనుకుని స్టెరాయిడ్ చుక్కలు వేస్తారు, తగ్గదు. అప్పుడు విట్రెక్టమీ. అన్నేళ్లుగా అంతమంది డాక్టర్లను చూసిన ఆ మనిషి ఒంట్లోంచి జబ్బు ముక్కను చేతికందేలా బయటికి తీసిన మొదటి వ్యక్తి ఆ రెటీనా సర్జనే.

మంత్రులారా, నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. ఈ జబ్బును కణజాలంలో చూసి తేల్చుకోవాలంటే తరచుగా కాలి నరం ముక్క కోయాలి, లేదా గుండెలోకి తీగ పంపి కండరం గిల్లాలి. పొట్ట దగ్గరి కొవ్వును సూదితో తీస్తారు కానీ అందులో ఒక్కోసారి దొరకదు. నరం ముక్క కోసిన చోట స్పర్శ శాశ్వతంగా పోవచ్చు. కంటి విషయంలో అలాంటి కొత్త గాయం అక్కర్లేదు. చూపు కోసం చేస్తున్న ఆపరేషన్‌లో ఎలాగూ బయటికి వచ్చేసిన పదార్థమే సాక్ష్యం. రోగికి అదనంగా నొప్పి లేదు, అదనంగా మత్తు లేదు. ఒక సిరంజి, ఒక సీసా, ఒక ఫారం చాలు.

ఇలా వేరే పని మీద చేసిన ఆపరేషన్ నుంచి అమైలాయిడ్‌ను పట్టుకోవచ్చని మణికట్టు దగ్గర ఇప్పటికే రుజువైంది. అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ డాక్టర్లు కార్పల్ టన్నెల్ ఆపరేషన్‌కు వచ్చిన 98 మంది పెద్ద వయసువాళ్ల దగ్గర తీసిన కణజాలాన్ని పరీక్షించి, 10 మందిలో అమైలాయిడ్ ఉందని 2018లో ప్రకటించారు. అక్కడ ఆ ముక్క తీసి చూసినందుకే అది కనబడింది.

ల్యాబ్‌లో ఏం చేస్తామో కూడా చెప్పనివ్వండి. ఎంత చిన్న పనో మీకు తెలియాలని.

సర్జన్ కంట్లోకి సెలైన్ వదలక ముందే, పరికరం ట్యూబుకు సిరంజి తగిలించి, నీళ్లు కలవని విట్రియస్‌ను అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు దాకా మెల్లగా లాగాలి. అది ఒక సీసా. తర్వాత క్యాసెట్‌లో చేరే పలచటి నీళ్లను ఇంకో సీసాలో పట్టాలి. పలచగా ఉన్నా అందులో పీచు చాలానే ఉంటుంది. మా దగ్గరికి వచ్చాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున కొద్దిగా తెల్లటి మడ్డి చేరుతుంది. గోరు మీద పట్టేంత. దాన్ని స్లైడ్ల మీదికి ఎక్కించి కాంగో రెడ్ అనే రంగు వేస్తాం. బట్టలకు వేసే రంగుగా పుట్టింది ఇది. అమైలాయిడ్‌ను ఇది పట్టి చూపిస్తుందని 1922లో బెన్‌హోల్డ్ అనే జర్మన్ డాక్టరు కనిపెట్టాడు. వందేళ్లు దాటినా దీన్ని మించిన తేలికైన పరీక్ష రాలేదు.

మామూలు వెలుతురులో చూస్తే పోగులు గులాబీ, ఇటుక రంగుల మధ్య ఎక్కడో ఉంటాయి. అంతమాత్రానికే నమ్మకూడదు, ఆ రంగు ఇంకా చాలావాటికి అంటుకుంటుంది. మైక్రోస్కోప్‌కు కింద ఒకటి, పైన ఒకటి పోలరైజర్ పలకలు ఉంటాయి. పై పలకను మెల్లగా తిప్పుతూ పోతే వెలుతురు తగ్గి తగ్గి, ఒకచోట మొత్తం చీకటైపోతుంది. ఆ చీకట్లో అమైలాయిడ్ ఉన్నచోట మాత్రమే పచ్చి జామకాయ రంగు వెలుగుతుంది. పలకను ఇంకొంచెం తిప్పితే ఆ పచ్చదనం పసుపులోకి మారుతుంది, వెనక్కి తిప్పితే మళ్లీ వస్తుంది. పక్కనే ఉన్న కొల్లాజెన్ పోగులు కూడా మెరుస్తాయి కానీ తెల్లగా, నీలంగా. అందుకే ప్రతిసారీ అమైలాయిడ్ ఉందని ముందే తెలిసిన స్లైడు ఒకటి పక్కన పెట్టుకుని, రెంటినీ పోల్చుకున్నాకే రిపోర్టు రాస్తాం. ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు. రంగు, రెండు పలకలు, చూసే కన్ను కావాలి. కన్నుకు శిక్షణ కావాలి, అది మేం ఇవ్వగలం.

అమైలాయిడ్ అని తేలాక అది ఏ ప్రొటీన్ నుంచి వచ్చిందో తేల్చడం ఇంకో మెట్టు. దీన్ని తేలిగ్గా తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎముక మూలుగలోని కణాలు చెడి తయారుచేసే అమైలాయిడ్ మరొకటి ఉంది. దానికి కీమోథెరపీ ఇవ్వాలి. ట్రాన్స్‌థైరెటిన్ రోగికి ఆ కీమో అనవసరం, హానికరం. పెద్ద వయసులో కొందరి రక్తంలో జబ్బేమీ లేకుండానే కొంత అసాధారణ ప్రొటీన్ కనబడుతుంది. అది చూసి తొందరపడితే రోగి తప్పుదారిలో పడతాడు. యాంటీబాడీలతోనో, మాస్ స్పెక్ట్రోమెట్రీతోనో ప్రొటీన్‌ను గుర్తించాలి, రక్తంతో జన్యు పరీక్ష చేయించాలి. విట్రియస్‌లో దొరికే అమైలాయిడ్ దాదాపుగా ట్రాన్స్‌థైరెటినే కావడం, ఆ జన్యువు చాలా చిన్నది కావడం ఇక్కడ మనకు కలిసొచ్చే విషయాలు. అందులో ఎక్సాన్లు అనే ముక్కలు నాలుగే. మొత్తం చదవడం ఏ మంచి జన్యు ల్యాబ్‌కైనా కష్టం కాదు.

ఈ జబ్బును ప్రపంచానికి చూపించింది ఒక్క రోగిని సరిగా పట్టించుకున్న ఒక డాక్టరు. పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో కొరీనో అంద్రాద్ అనే న్యూరాలజిస్టు దగ్గరికి 1939లో 37 ఏళ్ల మహిళ ఈ జబ్బుతో వచ్చింది. దగ్గర్లోని పోవోవా ద వర్జీం అనే జాలరుల ఊరు ఆమెది. ఆ చుట్టుపక్కల అది పాదాల జబ్బుగా జనానికి ఎప్పటినుంచో తెలుసు. డాక్టర్ల పుస్తకాల్లోనే లేదు. ఆమెతో ఆగకుండా ఆయన ఆ కుటుంబాల వెంట పడ్డాడు, తరాలు లెక్కవేశాడు, 1952లో ప్రచురించాడు. తర్వాత ఉత్తర స్వీడన్‌లో షెలెఫ్టియో, పీటియో ప్రాంతాల్లో, జపాన్‌లో కుమమోతో ప్రాంతంలోని అరావో పట్టణంలో ఇలాంటి కుటుంబాలే బయటపడ్డాయి. ఒకే జన్యు మార్పు ఉన్నా పోర్చుగల్‌లో ముప్పైల్లోనే మొదలయ్యే జబ్బు స్వీడన్‌లో ఎక్కువగా యాభై దాటాక మొదలవుతుంది. కొందరిలో మార్పు ఉన్నా జీవితాంతం జబ్బే రాదు. మన తెలుగు కుటుంబాల్లో ఇది ఏ వయసులో మొదలవుతుంది, ఏ అవయవాన్ని ముందు పట్టుకుంటుంది? ఇది తెలియాలంటే మన రోగుల్ని మనమే లెక్కపెట్టాలి. పోర్టో లెక్క మనకు సరిపోదు.

కంటికి ఈ జబ్బులో ఒక ప్రత్యేకత ఉంది. 1990లో స్వీడన్‌లో ఒక రోగికి మొదటిసారి లివర్ మార్చారు. చెడు ప్రొటీన్ తయారయ్యే చోటునే తీసేస్తే జబ్బు ఆగుతుందని ఆలోచన. చాలామందిలో నరాల జబ్బు నెమ్మదించింది. కళ్లు మాత్రం మసకబారుతూనే పోయాయి. ఎందుకంటే రెటీనా కింది పొర తనంతట తానే ట్రాన్స్‌థైరెటిన్ తయారుచేసుకుంటుంది. లివర్ మారినా కన్ను మారలేదు కదా. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్, ఆ తర్వాత వచ్చిన వుట్రిసిరాన్ లాంటి మందులు కూడా లివర్‌లో తయారీని అణచేవే. అంటే మందులు వాడుతున్న రోగికి కూడా కంటి డాక్టరు అవసరం తీరదు. విట్రెక్టమీ తర్వాత మిగిలిపోయిన పీచు మళ్లీ పెరగొచ్చు. నీరు బయటికి పోయే దారిలో అమైలాయిడ్ అడ్డుపడి కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమా రావొచ్చు. జబ్బు పేరు తెలియకపోతే, ఆపరేషన్ బాగా అయింది కాబట్టి ఇక రానక్కర్లేదని రోగిని పంపించేస్తాం. పేరు తెలిస్తే జీవితాంతం ఒత్తిడి చూస్తాం.

“మందులు కోట్లలో ఉంటాయటగా, తెలుసుకుని మాత్రం ఏం చేస్తాం?” అని మీ అధికారులు అడగొచ్చు. నన్ను సాటి డాక్టర్లే అడిగారు. కొత్త మందులు ఖరీదైనవే, కాదనను. అయినా పేరు తెలియడమే సగం వైద్యం. బీపీ మాత్రలు ఆపేస్తే ఆ మనిషి కింద పడడం తగ్గుతుంది. అమైలాయిడ్ పేరుకున్న గుండెకు వెరాపమిల్, డిల్టియాజెమ్ లాంటి మందులు పడవు, వాటిని మానిపించాలి. గుండె లయ తప్పుతోందేమో చూసి అవసరమైతే పేస్‌మేకర్ పెట్టాలి. స్పర్శ లేని పాదాలకు పుండు పడకుండా చెప్పులు, రోజూ పాదాలు చూసుకోవడం నేర్పాలి. ఇవన్నీ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈరోజే చేయగలిగినవి. డిఫ్లునిసాల్ అనే పాత నొప్పి మందు నరాల జబ్బును నెమ్మదింపజేస్తుందని 130 మంది మీద రెండేళ్లు నడిచిన ట్రయల్ 2013లో చూపించింది. కిడ్నీ, గుండె సరిగా లేనివాళ్లకు అది ప్రమాదం. అయినా మన మందుల జాబితాల్లో దానికి చోటు ఇవ్వొచ్చేమో నిపుణులతో పరిశీలింపజేయండి.

కొత్తవైనా పాతవైనా ఏ మందూ చచ్చిన నరాన్ని బతికించలేదు. ఉన్నదాన్ని కాపాడగలదు. మనిషి తన కాళ్ల మీద నడుస్తూ ఉండగానే పట్టుకోవాలి, మంచాన పడ్డాక కాదు.

ఇంకో జబ్బు గురించి కూడా క్లుప్తంగా చెప్పాలి. కంటిలో మొదలయ్యే లింఫోమా అనే క్యాన్సర్ కూడా అచ్చం వాపులా నటిస్తుంది. స్టెరాయిడ్‌కు కొన్నాళ్లు లొంగినట్టు కనబడి మళ్లీ వస్తుంది. చాలామందిలో అది మెదడుకు చేరుతుంది. దాన్ని తేల్చేది కూడా ఇదే విట్రియస్ సీసా. కానీ ఆ కణాలు సుకుమారమైనవి, గంటల్లోనే చెడిపోతాయి. ముందు స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే అసలు కనబడకుండా పోవచ్చు. అమైలాయిడ్ మొండిది, ఫార్మలిన్‌లో వేసి పంపినా నిలబడుతుంది. ఏ సీసాలో ఏం పోయాలో, ఎంతసేపట్లో పంపాలో థియేటర్ సిస్టర్‌కు తెలిసి ఉండడం అందుకే ముఖ్యం. మందులకన్నా ముందు నేను అడుగుతున్నది ఇలాంటి చిన్న విషయాలే.

మీ నుంచి నేను కోరేది ఇదీ. కారణం తేలకుండా కంటి జిగురు మసకబారిన ప్రతి రోగిలో, విట్రెక్టమీ చేసినప్పుడు తీసినదాన్ని ల్యాబ్‌కు పంపాలని మీ శాఖల నుంచి ఒక ఉత్తర్వు రావాలి. ప్రభుత్వ ఆసుపత్రులకైనా, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ చేసే ప్రైవేటు ఆసుపత్రులకైనా ఒకటే నియమం ఉండాలి. పరీక్ష ఖర్చు ఎవరిదన్న అనుమానం థియేటర్‌లో ఎవరికీ రాకూడదు. అందుకే ఆపరేషన్ ప్యాకేజీలో ఈ పరీక్షకు విడిగా ధర రాసి పెట్టండి. ధర రాయని పని మన దగ్గర జరగదు, ఇది నాకంటే మీకే బాగా తెలుసు. హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, విశాఖలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి మీ చేతిలోనే ఉన్నాయి, మొదలు అక్కడే పెట్టొచ్చు. కంటి పాథాలజీలో అనుభవం ఉన్న ల్యాబ్‌లు ప్రైవేటు రంగంలోనూ, హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ లాంటి స్వచ్ఛంద రంగంలోనూ ఉన్నాయి. చిన్న ఊళ్ల నుంచి వచ్చే సీసాలు ఏ ల్యాబ్‌కు చేరాలో ముందే రాసిపెడితే చాలు.

ఫారం గురించి కూడా పట్టించుకోండి. క్లినికల్ హిస్టరీ అన్న గడిలో మాకు చాలాసార్లు ఒక్క మాటే కనబడుతుంది, లేదా గడి ఖాళీగా ఉంటుంది. ఏం వెతకాలో తెలియకుండా మైక్రోస్కోప్ ముందు కూర్చుంటాం. కాంగో రెడ్ వేయాలని మాకు తట్టాలంటే ఎవరో ఒక మాట చెప్పాలి. ఆ ఫారంలో నాలుగు ప్రశ్నలు అచ్చువేయించండి: కాళ్లల్లో తిమ్మిర్లున్నాయా, మణికట్టు ఆపరేషన్ అయిందా, గుండె గోడలు మందంగా ఉన్నాయని ఎవరైనా చెప్పారా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటివి ఉన్నాయా. వార్డులో ఉన్న సిస్టర్ రెండు నిమిషాల్లో అడిగి రాయగలరు. మన రాష్ట్రాల్లో కంటి వెలుగు పేరుతో 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రలో ఊరూరా కళ్లు చూశారు, అద్దాలిచ్చారు. అంత పెద్ద పని చేయించగలిగిన శాఖలకు నాలుగు ప్రశ్నల ఫారం భారం కాదు.

రిపోర్టు వచ్చాక రోగి ఎక్కడికి వెళ్లాలన్నది కూడా ముందే తేలి ఉండాలి. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రితో కలిసి సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరిశోధన సంస్థను ఎక్సలెన్స్ కేంద్రంగా గుర్తించారు. జన్యు పరీక్ష, కౌన్సెలింగ్, నరాలు, గుండె చూసే డాక్టర్లు ఒక్క ఊళ్లోనే దొరుకుతారు. కంటి ఆసుపత్రి నుంచి అక్కడికి ఒక రెఫరల్ కాగితం నేరుగా వెళ్లే ఏర్పాటు చేయండి. ఆ విధానం కింద ఎక్సలెన్స్ కేంద్రాల్లో చికిత్సకు ఇచ్చే సాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల దాకా పెంచారు. ఏ జబ్బులకు ఆ సాయం అందాలో కేంద్రంతో మీరు మాట్లాడాలన్నా, మా రాష్ట్రంలో ఇంతమంది ఉన్నారని చెప్పగలగాలి. ఆ లెక్క ఈ సీసాల నుంచే మొదలవుతుంది.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది ఇంటివాళ్లతో మాట్లాడడం. ఇది వంశంలో ఉందని తెలిస్తే పెళ్లి సంబంధాలు చెడిపోతాయని మనవాళ్లు భయపడతారు. ఆ భయం ఉత్తదని నేను అనను, మన ఊళ్లు ఎలా ఉంటాయో నాకూ తెలుసు. అందుకే రిపోర్టును వరండాలో అందరి ముందూ చదివి వినిపించకూడదు. మేనరికం చేసుకోవడం వల్ల వచ్చిందని భార్య పుట్టింటివాళ్ల మీదో, తల్లి మీదో నింద పడుతుంది. ఇది మేనరికం జబ్బు కాదని, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలని, అందులో ఎవరి దోషమూ లేదని కూర్చోబెట్టి చెప్పాలి. పరీక్ష చేయించుకోవాలో వద్దో ఆ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు ఈ పరీక్ష చేయించకూడదు, పెద్దయ్యాక వాళ్లే తేల్చుకుంటారు. పరీక్ష వద్దన్నవాళ్ల పేరు ఏ జాబితాలోకీ ఎక్కకూడదు. ఇదంతా ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదు. ఓపీలో క్యూ చూస్తూ ఏ సర్జనూ చేయలేరు. శిక్షణ పొందిన జన్యు కౌన్సెలర్లకు ఉద్యోగాలివ్వండి, తెలుగులో మాట్లాడగలిగినవాళ్లకు ఇవ్వండి.

ఫారం ముసాయిదా, సీసాల్లో ఏం పోయాలో, ఎంతసేపట్లో ఎలా పంపాలో, థియేటర్ సిబ్బందికి ఏం నేర్పాలో రాసి ఇవ్వడానికి నేనూ, ఇదే పని చేసే తోటి పాథాలజిస్టులూ సిద్ధంగా ఉన్నాం. మీ శాఖల నుంచి ఎవరు పిలిచినా వచ్చి చూపిస్తాం, మైక్రోస్కోప్‌తో సహా.

ఇట్లు,
ఒక కంటి పాథాలజిస్టు